ఒప్పుకుందని చెప్పింది నేను

మంజుల పోయిందన్న వార్త నాకు మొదట తెచ్చింది యాదమ్మ. చిక్కడపల్లిలో మొదలుపెట్టి అశోక్‌నగర్ గల్లీల దాకా పొద్దున్నే పూలు అమ్ముకుంటూ వస్తుంది. నా పూజకు చామంతులు మూర కొలిచి ఇచ్చి, గేటు మీద చెయ్యి ఆనించి, మామూలు మాటలాగే చెప్పింది. "అమ్మా, మీ ఇంట్ల కిరాయికుండె సూడు, మంజుల. గామె పోయిందంట. కామెర్లు ముదిరినయంట. రాంనగర్ల చెప్పిండ్రు."

నేను పూలు అందుకున్నాను. అయ్యో అన్నానో లేదో గుర్తు లేదు. అప్పుడు నా మనసులో ముందుగా మెదిలింది ఏమిటో చెబితే మీరు దీన్ని పక్కన పడేస్తారు. అయినా చెబుతాను. ఇక ఆమె నన్ను అడగదు. అదీ నాకు తోచింది. ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్న బండ దిగిపోయిందనిపించింది. దేవుడి గూటి ముందు కూర్చుని ఆ చామంతులే స్వామికి పెట్టాను. పెట్టి, దండం కూడా పెట్టుకున్నాను.

బండ దిగలేదు. పక్కకు జరిగి ఇంకొకరి మీద కూర్చుంది. అది ఆ మధ్యాహ్నమే తెలిసింది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పాలని చూశాను, ఏమైందో చివర రాస్తాను. నా పేరు రాయను. పిరికితనమే అనుకోండి, కాదనను. నన్ను ఓదార్చవద్దు. తెలిసీ తెలియక చేసి ఉంటావమ్మా అనవద్దు. ఆ మాట నేనే నాకు చాలా ఏళ్లు చెప్పుకున్నాను. తెలిసే చేశాను.

నేను బడికి పోలేదు. మా నాన్న ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లోనే పలక పట్టించి చదువు చెప్పాడు. అందుకే నా రాత పుస్తకంలా ఉంటుంది, నోరు మాత్రం ముషీరాబాద్ నోరే. ఆయన చెప్పిన డిక్టేషన్లలో ఈ దేశం ఎప్పుడూ మునిగిపోతూ ఉండేది. జనం పెరిగారు, నేల పెరగలేదు. ఈ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. అక్షరం తప్పితే మళ్లీ రాయించేవాడు. పొద్దున శ్లోకాలు, సాయంత్రం ఈ వాక్యాలు. రెండూ ఒకే గొంతుతో నేర్చుకోవడం వల్లనో ఏమో, రెండింటినీ ఒకేలా నమ్మాను. కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం బొమ్మ గోడ మీద కనిపిస్తే లోపల్లోపల దండం పెట్టుకునే రకం నేను. నవ్వుకోండి.

నాకూ ఒక్క కొడుకు పుట్టగానే ఆపరేషన్ అయింది. మా నాన్న, మా ఆయన ఆసుపత్రి వరండాలో నిలబడి మాట్లాడుకున్నారు. లోపలికి వచ్చి, అయిపోయింది, ఇక నీకు ఏ తిప్పలూ లేవు అన్నారు. నన్నెవరూ అడగలేదు. ఎంత మంచివాళ్లు, నా కష్టం తప్పించారు అనుకున్నాను. అనుకోవడం నేర్చుకున్నాను. ప్రతిదానికీ కృతజ్ఞత చెప్పుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. నీళ్లు వస్తే, ఎండ కాస్తే, పాలు విరగకపోతే. ఆ అలవాటు మంచిదనే ఇంతకాలం నమ్మాను. ఇప్పుడు దాన్ని చూస్తే భయమేస్తుంది. దేనికైనా దండం పెట్టగలిగే మనిషి దేన్నైనా చేయగలదు.

మా ఆయన పోయాక కింది పోర్షన్ కిరాయికి ఇచ్చాను. గేటుకు బోర్డు కట్టాను. చిన్న ఫ్యామిలీకి మాత్రమే. ఈ గల్లీలో అందరూ అలాగే కడతారు, వచ్చినవాళ్లను ముందుగా ఎంతమంది ఉంటరు అని అడుగుతారు. ఎందుకంటే నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, సంపు చిన్నది. మనుషుల్ని మేము బిందెలతో కొలుస్తాం. నర్సింగ్, మంజుల వచ్చారు. అతనికి ట్రాలీ ఆటో ఉంది, సరుకు ఎక్కడికి పడితే అక్కడికి తీసుకుపోతాడు. చంకలో ఒక ఆడపిల్ల. మేం ముగ్గురమే అక్కా అంది మంజుల. చిన్న ఫ్యామిలీ. సరే అన్నాను.

మంచి పిల్ల. పెద్ద నోరు, పెద్ద నవ్వు. నేను అటుకులకు పోపు వేస్తే వాసన పట్టి పైకి వచ్చేది. నన్ను మొదటి రోజు నుంచే అక్కా అని పిలిచింది. హైదరాబాద్‌లో అక్క అనడానికి ఏం కావాలి? బస్సులో పక్కన కూర్చుంటే చాలు. కానీ ఆమె ఊరికే అనలేదు. నాకు జ్వరం వస్తే నా తల మీద తడిగుడ్డ వేసి కూర్చుంది. నేనేం చేశాను? ఆమె కడుపు మళ్లీ పెరుగుతుంటే సంపు మూత ఎత్తి నీళ్లు ఎంత ఉన్నాయో చూసుకున్నాను.

నిజంగా అంతే. మీకు నేను దేశం గురించి బాధపడిన మనిషిలా కనబడాలని ఉంది, కాని అది అబద్ధం. అత్త బాలమ్మ ఊరి నుంచి వచ్చి పోతుండేది, వస్తే వారాలు ఉండేది. పెద్దపిల్ల స్వాతి మెట్ల మీద ఉచ్చ పోసేది. బట్టలు నా తీగ మీద పడేవి. బాలమ్మ గేటు దగ్గర కూర్చుని, ఈసారి మొగపిల్లగాడు, కాకుంటే ఇంకో కాన్పు, అదీ కాకుంటే ఇంకోటి అని యాదమ్మతో చెబుతుంటే పై నుంచి విన్నాను. నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో, నా నీళ్లతో. కనడం తప్ప వీళ్లకు ఇంకేం చేతనవును అనుకున్నాను. ఈ మాట అనుకున్నది ఎవరు? రోజూ దీపం పెట్టే మనిషి. చీమల పుట్ట దగ్గర పిండి చల్లే మనిషి. నేను మంజులను అసహ్యించుకోలేదు. ఆమె కడుపును అసహ్యించుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఉందని అప్పుడు నా నమ్మకం.

నొప్పులు వచ్చిన రోజు నర్సింగ్ లోడు వేసుకుని నిజామాబాద్ పోయాడు. బాలమ్మ ఊర్లో ఉంది. నేనే ఆటో పిలిచి ప్రసూతి ఆసుపత్రికి తీసుకుపోయాను, స్వాతిని పక్కింట్లో వదిలి. మధ్యాహ్నం దాకా నొప్పులు పడింది. బిడ్డ అడ్డం తిరిగింది, కోసి తీయాలి అన్నారు. లోపలికి తోసుకుపోయే ముందు మంజుల నా చెయ్యి పట్టుకుంది. చెమటతో జారిపోతుంటే మళ్లీ పట్టుకుంది. "అక్కా, ఆపరేషన్ చెయ్యమను. నాతోని ఐతలేదు. బిడ్డ బతికితే చాలు."

ఈ మాట జాగ్రత్తగా చదవండి. నేను జాగ్రత్తగా విన్నాను.

మన వాడకంలో ఆపరేషన్ అంటే రెండు. బిడ్డను కోసి తీస్తే పెద్ద ఆపరేషన్. ఇంక పిల్లలు పుట్టకుండా చేస్తే ఉత్త ఆపరేషన్. ఆపరేషన్ అయిందా అని ఒక ఆడది ఇంకో ఆడదాన్ని అడిగితే అది పిల్లల ఆపరేషనే, ఇంకోటి కాదు. నొప్పుల మీద ఉన్న మంజుల పెద్ద అన్న మాట వదిలేసింది. నొప్పుల్లో ఎవరు పూర్తిగా మాట్లాడతారు?

కాసేపటికి ఒక సిస్టర్ తలుపు సందులోంచి తొంగి చూసింది. మంజుల తోటి ఎవరొచ్చిండ్రు అంది. నేను లేచాను. మీరేమైతరు అంది. అక్కను అన్నాను. రెండో కాన్పే కదా, కడుపు ఎట్లాగూ కోస్తున్నం, దాంతోనే ఆపరేషన్ కూడా చేసేస్తం, మళ్లీ మళ్లీ ఈ తిప్పలెందుకు అంది. చెడ్డ మనిషి కాదు. నిద్ర లేని కళ్లు. అడగాల్సినదే అడిగింది.

"ఆమె ఒప్పుకుందా ఆపరేషన్‌కు?"

"ఒప్పుకుంది. ఆమెనే చెయ్యమన్నది."

నా సంతకం తీసుకున్నారు. అక్క అని రాశాను. ఆ కాగితం ఎక్కడుందో నాకు తెలియదు, ఉన్నా లేకున్నా ఒకటే. నన్ను పట్టుకుని ఉన్నది ఆ మాట. అది అబద్ధం కాదు, చూడండి. మంజుల చెయ్యమన్నది. ఆమె నోటి మాటే నేను అప్పజెప్పాను. అదే నా తెలివి. అబద్ధమాడితే పాపమని నాన్న నేర్పిన మనిషిని కదా, నిజంతోనే పని కానిచ్చాను. సిస్టర్ అడిగిందానికీ, మంజుల అన్నదానికీ మధ్య ఉన్న తేడా నాకు తెలియలేదా? తెలిసింది. బదులు చెప్పేముందు ఒక్క గుటక మింగాను. తెలియనివాళ్లు గుటక మింగరు.

మగవాళ్లకు చేసే ఆపరేషన్ దీనికంటే సులువంట, పడుకుని లేచిపోవచ్చంట. ఆ మాట ఆ వరండాలో ఎవరూ అనలేదు. నర్సింగ్ వచ్చేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. మందుబిళ్లలున్నాయి, ఇంకో రెండేళ్లాగి ఆమెనే ఆలోచించుకోనిద్దామని నేను అనలేదు. అడిగితే మంజులే ఒప్పుకునేదేమో. ఇద్దరు చాలక్కా అనేదేమో, అత్తకు తెలియకుండా తనే పోయి చేయించుకునేదేమో. అలా చేయించుకున్నవాళ్లు ఈ గల్లీలోనే ఉన్నారు, వాళ్లకు నా దండం. ఈ ఏమో ఉన్నదే, ఇదే నన్ను తింటున్నది. జనం తగ్గాలంటే ఆడదాన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి, వినాలి, ఆమె వద్దంటే వద్దనుకోవాలి. అది నెమ్మది పని. నాకు నల్లా వచ్చే టైముకు ఇంటికి పోవాలనుంది.

మళ్లీ ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నల్లగా, తల నిండా వెంట్రుకలతో. ఇంటికి వెళ్లి దీపం పెట్టి, స్వామీ, తల్లీబిడ్డను కాపాడావు, నా చేత ఒక మంచి పని చేయించావు అన్నాను.  ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆ పోర్షన్లో ఇంగ్లీషు చదివేవాళ్లు లేరు. కుట్టు ఒక్కటే కనిపిస్తుంది. నేను నోరు తెరవకపోతే చాలు.

పేరు నన్నే పెట్టమంది మంజుల. అక్కవు, చదువుకున్నదానివి, మంచి పేరు చెప్పు అంది. తృప్తి అన్నాను. చాలు అనే మాటను బంగారు పూత పూసి ఇచ్చాను. ఆమె ఎంత మురిసిపోయిందో. గల్లీలో ఇంకెవరికీ లేదక్కా ఈ పేరు అంది.

తరువాత ఏం జరగాలో అదే జరిగింది, అంటే ఏమీ జరగలేదు. ఒక ఏడు, ఇంకో ఏడు. కడుపు రాలేదు. మొదట నవ్వుకున్నారు, తరువాత పరేషాన్ అయ్యారు. ముడుపులు కట్టింది. ఉపవాసాలు చేసింది. సుల్తాన్ బజార్‌లో ఎవరో నాటుమందు ఇస్తారంటే తెచ్చి తాగి, రోజంతా వాంతులు చేసుకుంది. ఆ రోజు నేనే మజ్జిగ కలిపి పట్టాను. తాగిస్తూ కూడా చెప్పలేదు. ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతానంటే, ఇద్దరున్నారు కదా, ఈ డాక్టర్లు ఊరికే పరీక్షలు రాస్తారు అని ఆపాను. ఎందుకు ఆపానో మీకు చెప్పనక్కరలేదు.

బాలమ్మ మాత్రం కారణం కనిపెట్టింది. పెద్దపిల్ల తరువాత కడుపు వచ్చింది, ఈ పిల్ల తరువాత రాలేదు, కాబట్టి తప్పు ఈ పిల్లదే. వచ్చుకుంట వచ్చుకుంట వెనక తలుపుకు గొళ్లెం పెట్టొచ్చింది అనేది. పిల్ల అడుగులు వేస్తుంటే అనేది, అన్నం తింటుంటే అనేది. ఎవరింట్లోనైనా కొత్త కోడలు వస్తే తృప్తిని ఎదురు పోనిచ్చేవాళ్లు కాదు. ఊర్లో పసిబిడ్డల తొట్టెల దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నేను పై మెట్టు మీద నిలబడి వినేదాన్ని. బాలమ్మా, పసిదాన్ని అట్లనకు అనేదాన్ని. ఎంత మంచి మాట! చేతిలో గొళ్లెం పట్టుకుని నిలబడి అనేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. ఒక శ్రావణ శనివారం చిక్కడపల్లి గుడిలో మంజుల తడిబట్టలతో ప్రదక్షిణలు చేసింది. పొడిచీర, టవల్ పట్టుకుని నేను వెంట ఉన్నాను. అయిపోయాక మెట్ల పక్కన కూర్చుంది, జుట్టు నుంచి నీళ్లు కారుతుంటే. అలిసిపోయింది. నా మొహం చూడకుండా, నేల చూస్తూ అడిగింది.

"అక్కా, ఒకటడుగుత. కోపం చెయ్యవు గద?"

"అడుగు."

"ఆ దినం దవాఖానల బిడ్డను తీసినప్పుడు, నాకు ఇంకేమన్న చేసిండ్రా? ఒక్క కోతలనే గదీ గూడ చేస్తరంట గద."

"ఎవరన్నరు?"

"ఎవరో అన్నరు తియ్. నువ్వున్నవు గద అక్కా బయట. నువ్వు జెప్పు. నువ్వు లేదంటే ఇంక ఎవ్వల మాట ఇన."

"నీకు చెప్పకుంట ఎట్ల చేస్తరు? బిడ్డను తీసిండ్రు, కుట్లేసిండ్రు. గంతే. దేవుడు ఇద్దరినిచ్చిండు, దండం పెట్టు. ఒక్కరు గూడ లేనోళ్లను చూడు జర."

మంజుల నవ్వింది. "నువ్వు జెప్పినంక ఇంకేమున్నది," అని టవల్ అందుకుని తల తుడుచుకుంది. తుడుచుకుంటూ, నా కొంగు కూడా తడిసిందని దాన్ని పిండింది.

గుడి మెట్ల మీద. ఆసుపత్రిలో నిజంతో పని కానిచ్చానన్నాను కదా. ఇక్కడ ఆ సాకు కూడా లేదు. నీకు చెప్పకుండా ఎట్లా చేస్తారు అని నేనే అడిగాను ఆమెను. అలా అనడానికి నోరు ఎలా వచ్చింది? వచ్చింది. సులువుగా వచ్చింది. అప్పటికైనా చెప్పి ఉంటే నర్సింగ్ నా మీదికి వచ్చేవాడు, గల్లీ నా మొహాన ఉమ్మేది, మంజుల నన్ను అక్కా అని పిలిచేది కాదు. అంతేగా. ఆ పిల్లకు మాత్రం ఒక బాల్యం దక్కేది.

ఆ తరువాత నర్సింగ్ ఊరి నుంచి ఇంకొక ఆమెను తెచ్చుకున్నాడు. కొడుకు కావాలి కదా. మంజుల ఇద్దరు పిల్లలను తీసుకుని రాంనగర్‌లో ఒక గదికి మారిపోయింది, టైలరింగ్ చేసుకుని బతికింది. వెళ్లేముందు నా కాళ్లకు మొక్కబోయింది. నేను వెనక్కి జరిగాను. ఎందుకు జరిగానో అర్థం కాక, మా అక్కకు గర్వం లేదు అని పిల్లలకు చెప్పింది.

ఆ పోర్షన్ ఇప్పుడెలా ఉందో చెప్పాలి. మా గల్లీ మీకు తెలిసే ఉంటుంది, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఎటు చూసినా. జిరాక్సు షాపులు, స్టడీ హాళ్లు, నారాయణగూడ చౌరస్తా దాకా వీపుకు బ్యాగులే. కింది గదుల్లో మంచం మీద మంచం వేసి అమ్మాయిలను పెట్టుకున్నాను. ఒక్క పసిబిడ్డకు చాలదనుకున్న సంపు అది. ఇప్పుడు ట్యాంకర్ తెప్పిస్తాను, అందరికీ సరిపోతుంది. బోర్డు మీద చిన్న ఫ్యామిలీ అన్న మాట తీసేశాను. ఇప్పుడు పెద్దలు మైకుల ముందు నిలబడి, పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు. టీవీలో అది వింటూ నేను గట్టిగా నవ్వాను. అప్పుడు వద్దన్నప్పుడూ ఆడవాళ్లను ఎవరూ అడగలేదు, ఇప్పుడు కనమన్నప్పుడూ అడగడం లేదు. కడుపు మాత్రం వాళ్లది.

మంజుల పోయిన మధ్యాహ్నం రాంనగర్ వెళ్లాను. గది ముందు టెంటు వేశారు. స్వాతి శవం తల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. తృప్తి గోడ వారగా, దూరంగా నిలబడి ఉంది. డిగ్రీ అయిపోయింది ఆ పిల్లకు, మా గల్లీలోనే ఒక స్టడీ హాలులో చదువుకుంటుంది, అప్పుడప్పుడు వచ్చి పెద్దమ్మా మంచినీళ్లు అని అడిగి తాగి పోయేది. ముసలి బాలమ్మ శవం పక్కన కూలబడి గుండె బాదుకుంటూ, ఆ ఏడుపులోనే అంది. "నా కోడలి సంసారం ఇది పుట్టిన్నాడే కూలింది. దాన్ని ముట్టనియ్యకుండ్రి."

అందరూ విన్నారు. తృప్తి వింది. నేను విన్నాను. అప్పుడు చెప్పాలి. శవం ముందు, అందరి ముందు. చెప్పలేదు. మళ్లీ. మూడోసారి.

కర్మలన్నీ అయ్యాక తృప్తిని ఇంటికి పిలిచి చెప్పాను. దేవుడి గది గుమ్మం దగ్గర, ఇద్దరం కిందనే కూర్చున్నాం. మొత్తం చెప్పాను. ఆపరేషన్ అన్న మాట, సిస్టర్, గుడి మెట్లు, అన్నీ. ఏడవలేదు నేను, ఏడిస్తే ఆ పిల్ల నన్ను ఓదార్చాల్సి వస్తుందని. ఆమె టైల్స్ మీద గీతను వేలితో గీస్తూ కూర్చుంది. తనకు పదేళ్లప్పుడు ఒకసారి నన్ను అడిగింది, పెద్దమ్మా, నేను ముందు పుట్టి స్వాతి వెనక పుడితే దాన్నే అంటుండెనా అని. అప్పుడు తలకు నూనె రాసి పంపానని గుర్తు చేసింది. నాకు గుర్తు లేదు. ఆమెకు ఉంది.

తరువాత అడిగింది. "మా అమ్మ మిమ్మల్ని అడిగిందా ఎప్పుడన్న?"

అడిగిందని చెప్పానుగా అన్నాను. మళ్లీ చెప్పమంది. గుడి మెట్ల మాటలు మళ్లీ చెప్పాను, ఒక్కటి కూడా తగ్గించకుండా. అమ్మ నవ్విందా అంది. నవ్వింది అన్నాను.

"నాకెందుకు చెప్తున్నరు ఆంటీ? నేనేం చెయ్యలేదని నాకు ఎరుకే. చెప్పాల్సినోళ్లకు చెప్పుండ్రి. మీరు మా అమ్మకు చెప్పలే. ఇప్పుడు నాకు చెప్పి, బరువు దించుకుని అల్కగ అయితున్నరు."

అంతవరకు పెద్దమ్మా అన్న నోరు. ఆంటీ అంది. కోపంగా కాదు, కిరాయిదారు ఓనరును పిలిచినట్టు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మా అమ్మ నవ్విందా అని అడిగినప్పటి ఆ మొహం ఉంది చూశారూ, దాన్ని ఏ పూజతో కడగాలి?

చెప్పాల్సినవాళ్ల దగ్గరికి వెళ్లాను. బాలమ్మ నర్సింగ్ దగ్గర ముషీరాబాద్‌లో ఉంటోంది. నర్సింగ్ కూడా ఇంట్లోనే ఉన్నాడు, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని టీవీ చూస్తున్నాడు. బాలమ్మ మంచం దగ్గర కూర్చుని చెప్పాను. నేను చేశాను బాలమ్మా, ఆ పిల్ల కాదు, ఒప్పుకుందని నేనే చెప్పిన అన్నాను.  తిడుతుందని ఎదురుచూశాను. కొడుతుందేమో, కొట్టనీ అనుకున్నాను. ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు మస్తు మంచిదానివి బిడ్డా. దిక్కులేని పిల్లను కాపాడనీకి పాపం నీ మీద ఏసుకుంటున్నవు. రోజు దీపం పెట్టే చెయ్యి గట్లాంటి పని చేస్తదా?"

నర్సింగ్ టీవీ గొంతు తగ్గించి, అవునక్కా, పోయినామె పోయింది, ఇప్పుడు గవన్నెందుకు, చాయ్ తాగు అన్నాడు. నేను ఒట్టు వేశాను. దేవుడి మీద వేశాను. బాలమ్మ తల ఊపింది, నా మంచితనానికి కళ్లు తుడుచుకుంది. చాయ్ వచ్చింది. తాగలేక వచ్చేశాను. ఇన్నేళ్ల నా పూజలు, నా పిండి చల్లడాలు, నా మెత్తటి మాటలు, అన్నీ కలిసి ఆ గుమ్మంలో నాకు అడ్డం నిలబడ్డాయి. మంచిదానినన్న పేరే ఆ పిల్ల మెడకు ఉరి అయింది. స్వాతికి చెప్పాను. చెల్లె మీద మీకు ప్రేమ పెద్దమ్మా అంది.

తృప్తికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎవరూ నమ్మలేదు అన్నాను.  రాయండి అంది. మీకు రాయొస్తది గద, రాయండి. ఎవరో ఒకరు చదువుతరు, మిమ్మల్ని ఎరగనోళ్లు, మీరు మంచోళ్లని తెల్వనోళ్లు, వాళ్లు నమ్ముతరు. నీ పేరు మార్చి రాస్తానమ్మా అన్నాను. వద్దంది. మీ పేరు దాచుకుంటరా, దాచుకోండి. నాది దాయకుండ్రి. పెట్టిన పేరే రాయండి.

అందుకే ఇది మీ చేతికి వచ్చింది. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది, ఆ మాట దాచను. ఆ ఊపిరి కూడా ఆమె దగ్గర దొంగిలించినట్టే ఉంది, అయినా ఆడుతోంది. క్షమించమని నేను ఎవరిని అడగను? అడగాల్సినామె కట్టెల్లో కాలిపోయింది. బతికి ఉన్నామె ఇవ్వలేదు, ఇవ్వదు, ఇవ్వనక్కరలేదు. మొన్నటి నుంచి దీపం పెడుతున్నాను కాని దండం పెట్టడం లేదు. ఏమని పెట్టను? చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాను, వత్తి కాలిపోయేదాకా.

నన్ను మీరు తిట్టినా వినబడదు, మెచ్చుకున్నా వినబడదు. నన్ను వదిలేయండి. ఒక్కటి చేయండి. మీ ఇళ్లలో, మీ గల్లీల్లో, కడుపు పండని ఆడదాని ముందు ఎవరైనా ఒక పిల్లను చూపించి ఇది పుట్టాకే ఇలా అయింది అంటే, అప్పుడు ఈమెను తలుచుకోండి. తృప్తి. రాంనగర్‌లో ఉంటుంది. మంజుల చిన్న బిడ్డ. ఆమెను గుర్తుపెట్టుకోండి.